పూలమడిలో వంకాయలు

నాలుగో అంతస్తు ఇంట్లో కుండీకి కూడా చోటులేక, ఒకావిడ ఎవరూ చూడకుండా పార్కు పూలమడిలో వంకాయ మొక్క నాటింది. తీరా కాయలు కోద్దామని సంచీతో వస్తే, దాని చుట్టూ కంచె, "అరుదైన మొక్క, ముట్టరాదు" అని బోర్డు! పక్కనే తోటమాలి.

"ఏం తాతా, వంకాయ అరుదెప్పుడైంది?"

"బోర్డు పెట్టకపోతే ఆఫీసరు మొన్ననే పీకించేవాడమ్మా. ఆయనకు మొక్కలు తెలీవు, బోర్డులు తెలుసు."

"మరి నా కాయల సంగతి?"

"నీ కాయలా? అయితే ఇది నాటిన దొంగవి నువ్వేనన్నమాట!"

ఆవిడ నాలుక కరుచుకుంది.

"ముదిరిపోతున్నాయి తాతా."

"రేపు నాకు సెలవు. దొంగలు పడితే నేనేం చేస్తాను?"

"పడతారంటావా?"

"పడతారు. మంచి దొంగలైతే సగం నా పనిముట్ల గదిలో పెట్టి మరీ పోతారు."