గొర్రెలకేమీ కాలేదు

"అవ్వా, మన ఇల్లుండంగా మునస్వామి తాత ఆ కొండగట్టు మింద గుడిసేసుకోని ఒక్కడే ఎందుకుండె?"

ఎవురు సెప్పినారు మే నీకు? ఆఁ... నువ్వప్పుడు తిరపతి హాస్టల్లో ఉంటివి, నీకు తెలీదులే. సెప్తా, ఇట్ల కూసో.

వాడు నాకు కడగొట్టు తమ్ముడు. వాణ్ణి కని మాయమ్మ సచ్చిపాయ. నేనే సంకనేసుకోని పెంచినా. అప్పటికి నాకే సరిగ్గా పావడ కట్టుకోను రాదు, సూడు. పెద్దయ్యేకొద్దీ వాడికి గొర్రెలు తప్ప వేరే లోకమే లేదు. బడికి పంపిస్తే, బడి ఎనకాల ఎవురివో గొర్రెలు మేస్తా ఉంటే ఆడికి పొయ్యేవాడు. మా నాయన కొట్టి కొట్టి అలిసిపొయ్యి, ఇంగ వాడికే నాలుగు గొర్రెపిల్లల్ని కొనిచ్చేసినాడు. పెండ్లాం రాజమ్మని, బంగారుపాళ్యం పక్క పిల్ల, మంచి మనిషి, పిలకాయలు లేకుండానే పాయ. ఆ యాడాది వానలకి వాడి ఇల్లు గూడా కూలిపోతే మీ నాయనే పొయ్యి, "మామా, మా ఇంట్లో ఉందువు రా" అని పిల్సినాడు. బస్సెక్కమంటే ఎక్కలే. గొర్రెల్ని తోలుకోని నడిసే వచ్చినాడు.

ఎంత సంతోసంగా ఉంటిమో! మన కొట్టంలో ఒక పక్క ఆవులు, ఒక పక్క గొర్రెలు. నడాన ఒక్క ఎదురుబొంగు అడ్డం. సలికాలంలో గొర్రెలు ఈనినాయి. ఆ పిల్లలు సలికి ఓర్సుకోలేక బొంగు కింద దూరి, గౌరి కడుపు కాడ పొణుకునేవి. గౌరేమో కదలకుండా ఉండేది, యాడ పిల్ల నలిగిపోతుందో అని. మీ అమ్మ నన్ను పిల్సి సూపించింది. "అత్తా, తన బిడ్డలే అనుకుంటా ఉండాది సూడు" అని.

గౌరంటే ఎవురనుకున్యావు, మీ అమ్మ పుట్టింటి నుంచి తెచ్చుకున్న ఆవు. పెయ్యగా ఉన్నప్పుడు తోలుకోనొచ్చింది. మీ అమ్మ పిండితే తప్ప పాలిచ్చేది కాదు. నేను కూసుంటే కాలు ఇదిలించేది, గడుసుది. పాల సెంటర్లో మన పాలంటే ఒక పేరుండె. అప్పుడది సూడిది గూడా.

మా నాయన కాలంలో ఇట్ల ఒకే కప్పు కింద కట్టింది లేదు మే. గొర్రెల మందని సేన్లోనే పొణుకోబెట్టేది, ఎరువుకని. మా సేన్లో పెట్టండి, మా సేన్లో పెట్టండి అని రైతులే వచ్చి పిల్చుకోని పొయ్యి, సంగటి పెట్టేవాళ్ళు. అదేం రోగానికి బయపడి కాదులే, అప్పుడెవురికి తెలుసు... యాడుంటిని? ఆఁ, గౌరి.

ఎండలు ముదిరినాక ఒక పొద్దు మేత ముట్టలే. ఒళ్ళు పెనం మాదిరి కాల్తా ఉండాది. ముక్కులో నీళ్ళు, మళ్ళ సీము. గాలికుంటేమో అని గిట్టలు సూస్తిమి, ఏమీ లేదు. పక్కింటి ఆయమ్మ దిష్టి అనింది, అదీ తీస్తిమి. మర్నాడు... కాదు, ఇంకా కొన్నాళ్ళకేమో, కండ్లు తెల్లగా అయిపోయినాయి మే. మీగడ కప్పినట్టు. సూపు పోయినా మీ అమ్మ గొంతు ఇనపడితే తల అటే తిప్పేది.

పలమనేరు నుంచి గొడ్ల డాక్టరు వచ్చినాడు. నోరు తెరిసి సూస్తే లోపలంతా పుండ్లు. ఆయప్ప కొట్టంలో ఆ పక్కకి తిరిగి, "ఈ గొర్రెలు ఎవరివి?" అన్నాడు.

"నావే సారూ" అని మావాడు ముందరికొచ్చినాడు. బాగుండాయని మెచ్చుకుంటాడనుకున్యాడు పాపం.

"వీటినుంచి వచ్చిన వైరస్ లాగుంది పెద్దాయనా. రక్తం పరీక్షకి పంపిస్తా, కానీ లక్షణాలన్నీ అవే."

"నా జీవాలకి ఒక్క తుమ్ము గూడా లేదే సారూ!"

"ఉండదు. గొర్రెల ఒంట్లో అది ఊరికే ఉంటుంది, వాటికేమీ చెయ్యదు. పిల్లల ముక్కునీళ్ళలో బయటికొస్తుంది. ఆవుకి తగిలితేనే కష్టం. ఆవు నుంచి ఆవుకి రాదులే, గొర్రెల్ని మాత్రం దూరంగా పెట్టండి. ఇందులో మీ తప్పేం లేదు, చాలామందికి తెలీదు."

"మందు?" అనింది మీ అమ్మ.

"నొప్పి తగ్గడానికి సూదేశానమ్మా" అన్నాడు, సంచి సర్దుకుంటా. అంతే. మాకర్తమయిపాయ.

గౌరి పాయ. కడుపులో దూడతోనే పాయ. జేసీబీ పిలిపించి మామిడితోపు అంచున పూడ్సినారు. మీ అమ్మ అన్నం ముట్టలే. ఏమన్నా ఒక మంచి మాట సెప్పల్లని మునస్వామి పొయ్యి పక్కన కూసున్యాడు. అప్పుడనేసింది మీ అమ్మ. "చిన్నాయనా, మా ఇంటికి సావుని తోలుకోని వస్తివే" అని.

దుక్కంలో అన్న మాట మే అది. వాడు కండువా దులుపుకోని లేసినాడు. మర్నాడు మీ అమ్మ పాల సెంటరుకి పొయ్యి వచ్చేలోపల గొర్రెల్ని తోలుకోని గట్టెక్కేసినాడు.

మీ నాయన పొయ్యి బతిమాలినాడు. "జీవాలు ఈడుండనీ మామా, నువ్వు ఇంటికి రా" అని. "నా బట్టల్లో ఉంటుందేమోరా" అంటాడు. డాక్టరుతో ఫోన్లో మాట్లాడిస్తిమి. మనుషుల వల్ల రాదని ఆయప్ప ఎంత సెప్పినా, "సరే సారూ, సరే సారూ" అంటాడు, గట్టు దిగడు. నేను సంగటి ఎత్తుకోని పోతే, గిన్నె రాతి మింద పెట్టి దూరంగా పొమ్మనేవాడు. "మళ్ళ నువ్వు ఆవుల కాడికి పోతావు కదక్కా" అని. సంకనేసుకోని పెంచిన తమ్ముణ్ణి మే... వాడు తింటా ఉంటే ఎడంగా కూసోని సూస్తా ఉంటిని.

మళ్ళ గొర్రెల్ని గూడా అమ్మేసినాడు. బండెక్కించేటప్పుడు ఒక్కోదాని గెడ్డం పట్టుకోని, "నీకేం తెలుసు, నీకేం తెలుసు" అన్యాడంట. మీ నాయన సెప్పినాడు. అవి పోయినాక మనిషి నిలబళ్ళే. ఆ వానాకాలం దగ్గు పట్టుకోని, చిత్తూరు ఆస్పత్రిలో పాయ. మీ నాయనే కొరివి పెట్టినాడు. మీ అమ్మ ఏడ్సిన ఏడుపు, సొంత కూతురు గూడా ఏడవదు మే అట్ల.

కాదు కాదు, సావుకి ముందర ఒకటి జరిగింది, అది సెప్పల్ల. మన నల్లావుకి ఏ రోగమూ రాలే, అది ఈనింది. మీ అమ్మే జున్ను సేసుకోని గట్టెక్కింది, ఎనకాలే నేనూ పోతి. పోతానే వాడి కాళ్ళు పట్టుకునింది. "చిన్నాయనా, ఆ మాటన్న నా నోరు పడిపోనీ. పెయ్యదూడ పుట్టింది. నువ్వొచ్చి సూస్తేనే దానికి పేరు పెట్టేది."

"పిచ్చి పిల్లా, నువ్వేమంటివి, నాకు గుర్తే లేదే" అన్నాడు. వాడికి గుర్తు లేకుండా యాడికి పోతుంది!

ఆ పొద్దు బోరు కాడ తానం సేసి, ఉతికిన పంచె కట్టుకోని వచ్చినాడు. వచ్చి, వీదిలో కంచె బయిటే నిలబణ్ణాడు. గొర్రెలు పొయ్యి అన్నాళ్ళయినా లోపలికి రాలే. దూడేమో ఎగురుకుంటా వాడి కాడికే పాయ. కంచె సందులో మూతి పెట్టి నాలిక సాపింది. నిమరల్లని వాడి సెయ్యి లేసింది మే, నేను సూసినా. లేసిన సెయ్యిని దించేసి, రెండు సేతులూ ఎనక్కి కట్టేసుకున్యాడు. అట్లే సానాసేపు సూసినాడు. నవ్వుతానే ఉండాడు...

ఆఁ... ఏం లేదులే, కంట్లో ఏందో పడింది. ఇట్ల రా, నీ తల ఇట్ల తే. నీకు ఇష్టమైనదాన్ని నీ సేత్తో నిమరను నీకెప్పుడూ అడ్డం రాకూడదు తల్లీ. సల్లగా ఉండు. పో... పొయ్యి తిను పో.