జడ్జిగా జుసారా

హలో… నేనేనమ్మా, జుసారాని. రియో నుంచే… ఏడవట్లేదు, నవ్వుతున్నాను.

వేషం వచ్చిందమ్మా. టీవీ సీరియల్లో, పెద్దది…

ఎవరింట్లో పనిమనిషినా?… ఎవరింట్లోనూ కాదు. వంటమనిషినీ కాదు, ఆయానీ కాదు… లేదు, బానిస వేషం కూడా కాదు. ఆ గొలుసులు కిందటేడే మోశానుగా.

జడ్జిని… ఆఁ, కోర్టులో జడ్జినే. నల్లకోటు నాది, తీర్పు నాది.

ఎందుకలా గుసగుసలాడతావు?… దిష్టా? నువ్వు పనిచేసే ఇంటి అమ్మగారు వింటారనా?… విననీ.

అదే చెప్పబోతున్నా, విను. పొద్దున వేషం కట్టించి చూశారు. ఎదురుగా పేరున్న నటుడు, తెల్లాయన, ముద్దాయిగా, చెరకుతోట దొర వేషంలో… ఆఁ, నువ్వు రోజూ చూసే సీరియల్లో ఉంటాడే, ఆయనే. నేను తీర్పు చదవాలి. గొంతు పెగలదే. అచ్చం నీలాగే, గుసగుస. దర్శకురాలు "ఎవరికి భయపడుతున్నావు?" అంది…

ఏం చెప్పను? మా అమ్మమ్మ వాళ్ళ అమ్మమ్మ చెరకుతోటలో బానిసగా పుట్టింది, దొర ఎదుట గొంతు లేస్తే వీపు చిట్లేది, అందుకే మనవరాలికి మెల్లగా మాట్లాడటం నేర్పింది, ఆవిడ మా అమ్మకి, మా అమ్మ నాకు… ఇదంతా చెప్పనా?

నీ తప్పని ఎవరన్నారు? ఆ మెల్లని గొంతే మనల్ని బతికించింది, నాకు తెలీదా?… కానీ ఇక చాలనిపించిందమ్మా. నువ్వు చర్చిలో పాడతావు చూడు, కిటికీలు అదిరేట్టు — ఆ గొంతు తీశాను. "లేచి నిలబడండి" అన్నాను.

లేచాడమ్మా… కాదు, రాసిన కాగితంలో ఆ ముక్కే లేదు. నా నోట వచ్చేసింది, ఆయన లేచాడు. టోపీ కూడా తీశాడు… నవ్వకు, నాకు మళ్ళీ నవ్వొస్తోంది. వేషం నీదే అని అక్కడే చెప్పేశారు…

ఎవరు పిలుస్తున్నారు, అమ్మగారా?… సరే వెళ్ళు, పనుంటుంది, నేను మళ్ళీ—

ఏమన్నావ్?… ఆవిడతోనే?… "నా కూతురు మాట్లాడుతోంది, ఆగండి" అన్నావా?… అమ్మా, నా చెవి గింగురుమంది.

మరి ఎక్కడికి?… ఆవిడకి నువ్వే చెప్పాలా? ఇప్పుడేనా?… చెప్పు, వెళ్ళి చెప్పు. ముందు జడ్జి అని చెప్పు…

అమ్మా?… ఫోను బల్ల మీద పెట్టేసి వెళ్ళావా?

వినపడుతోందే, నీ గొంతు… అక్కడ సల్వదోర్ ఊళ్ళోంచి ఇక్కడ రియోదాకా వినపడుతోంది.