వరద గుర్తు

“నా పెండ్లాన్ని సంపింది నువ్వు. తండాల ఎవ్వర్నన్న అడుగు, గదే చెప్తరు.”

“అందరు అదే చెప్తరు కాకా. ఇందాక మంచినీళ్లు అడిగితే హరిలాల్ పెండ్లాం చెంబు తీసి లోపల పెట్టుకున్నది.”

రెండువేల ఎనిమిది, ఎండాకాలం. ఏన్కూరు దాటినంక అడవి అంచున, వాగు ఒడ్డు తండా. రోడ్ల శాఖ వర్క్ ఇన్‌స్పెక్టర్ జగదీష్ ఫైలు పట్టుకొని భద్రు ఇంటి పందిరి కింద నిలబడ్డాడు. భద్రు మంచం మీది నుంచి లేవలేదు, కూర్చోమనలేదు.

“మంచిపని చేసింది. ద్వాలి పోయి మూడేండ్లు. మూడేండ్ల సంది నువ్వు ఈ దిక్కు రాలె. ఇయ్యాల ఏం మొకం పెట్టుకొని వచ్చినవ్?”

“కొత్త బ్రిడ్జి మంజూరైంది. వాగుల నేలకానిన పాత చప్టా తీసేసి ఆడనే ఎత్తుగ కడ్తరు.”

“ఎప్పుడు? ఇంకిద్దరు కొట్టుకపోయినంకనా?”

“గందుకే వచ్చిన. వాగు ఎంత ఎత్తుకు వస్తదో ఊరోళ్లను అడిగి రాయాలె. వరద గుర్తు రాస్తేనే బ్రిడ్జి ఎంత ఎత్తో లెక్క తేలుతది.”

“ఇంజనీర్ల ఎంబడి తిరిగెటోనివి, నన్నడుగుడేంది? మిషన్ పెట్టి చూస్కో.”

“మిషన్ నేలను చూపిస్తది కాకా. పోయిన నీళ్లను చూపియ్యదు. నీళ్లను చూసిన మనిషే చెప్పాలె.”

“ఈ భద్రు తప్ప మనిషే లేడా? మంగీలాల్ ఉన్నడు. పిచ్చయ్య ఉన్నడు.”

“అడిగిన. ఇద్దరూ మద్దిచెట్టు పంగ చూపించిండ్రు. సంతకాలు పెట్టిండ్రు.”

“అయితే నీ పని అయింది. నడువ్.”

“కాలె. మా పై ఇంజనీరు, డీఈ సారు ఫైలు తిప్పి పంపిండు.”

“ఎందుకట?”

“ఎందుకో నీకు తెలుసు.”

“నాకేం తెల్వది.”

“పాత కాగితం అందులనే ఉన్నది. రెండువేల రెండుల, చప్టా కట్టకముందు రాసింది. ‘వాగు ఎంత పొంగినా నల్లబండ దాటదు’ అని. బండకు, చెట్టు పంగకు నిలువున్నర తేడా. ఏది అబద్ధమో ఆనాడు చెప్పిన మనిషితోనే రాయించుకరా అన్నడు. లేకుంటే పాత ఎత్తే ఉంచుతరంట.”

“పాత ఎత్తుకే కొత్త బ్రిడ్జా?”

“అవ్. సిమెంటు కొత్తది, గంతే.”

“నీ అబద్ధం నువ్వే దిద్దుకో. రాసింది నీ చెయ్యి.”

“చెయ్యి నాదే. కింద సంతకం ఎవరిది?”

“ఏమో.”

“చూడు కాకా.”

“నాకు కండ్లు కనవడయి.”

“అయితే నేనే చదువుత. బానోత్ భద్రు. వేలిముద్ర వెయ్యమంటే నీకు కోపమొచ్చింది. ‘అయిదు దాక సదివిన’ అని నా జేబుల పెన్ను గుంజుకున్నవ్.”

“లోపల పెట్టు. ఆ కాగితం లోపల పెట్టు.”

“ఇన్నేండ్లు లోపలనే పెట్టిన. ఆమె వాగుల దొరికిన రోజు తండా మొత్తం కలిసి నన్ను చప్టా మీద పడేసి కొట్టింది. ముందట నువ్వే ఉన్నవ్. ఆరోజు గూడ ఇది నా సంచిలనే ఉన్నది.”

“మరి అప్పుడెందుకు తియ్యలె?”

“పీనుగ లేవకముందే కాగితాలు తీస్తరా కాకా?”

“అబ్బో, ధర్మాత్ముడు! నువ్వేం శుద్ధపూసవు కాదు జగదీషూ. ద్వాలి నీకు చెప్పలేదా? ‘సారూ, నా దూడ ఆ పంగలనే ఇరికి సచ్చింది’ అని వేలు పెట్టి చూపియ్యలేదా?”

“చూపించింది.”

“మరి?”

“పంగల చెత్త, ఎండుగడ్డి ఇరికి ఉండె. నేను గూడ చూసిన. ముందు ఆమె చెప్పిందే రాసిన. నువ్వు చేనుల నుంచి వచ్చినవ్. ‘ఆడదానికేం ఎరుక, కొట్టెయ్’ అన్నవ్.”

“నేనంటే? నువ్వెందుకు కొట్టేసినవ్?”

“ఎత్తు తక్కువుంటే ఖర్చు తక్కువ, ఫైలు జల్దీ కదుల్తది. పై సార్లు ఖుష్ అయితరు. నాది కాంట్రాక్టు నౌకరి, ఏడాదికోసారి ఉంచుతరో తీస్తరో తెల్వది. కొట్టేసిన. అది నా తప్పు. నా తప్పు నేను రాసి డీఈ సారుకు ఇచ్చిన, ఇదిగో నకలు. ఇగ నౌకరి ఉంటె ఉంటది, పోతె పోతది. నీది నువ్వు చెప్పు.”

“నాదేముంది?”

“నల్లబండ అని ఎందుకన్నవ్?”

“మరిచిపోయిన.”

“కాకా.”

“మరిచిపోయిన అంటున్న గద!”

“అయితే పాత ఎత్తే ఖాయం. పోతున్న.”

“ఆగు. బ్రిడ్జి ఎత్తయితే రోడ్డు కట్ట లేస్తది. కట్ట లేస్తే వెడల్పయితది. అవతలి ఒడ్డుకు నా మిరపచేను. అర ఎకరం కట్ట కిందికి పోతుండె. సాలా?”

“సాలు. గదే రాస్త.”

“రాయకు.”

“రాయకుంటే ఎట్ల?”

“కాగితం ఎక్కితే తండా ఎక్కినట్టే. మంగీలాల్ కొడుకు ఆ ఆఫీసులనే తిరుగుతడు. ఇన్నేండ్లు ఏ నోటితో నిన్ను తిట్టిన్నో ఆ నోరు ఏడ పెట్టుకోవాలె?”

“మీ తమ్ముని కోడలు శ్రావణికి ఎన్నో నెల?”

“మా కోడలు ముచ్చట నీకెందుకు?”

“ఇందాక బిందె దించలేక గోడకు ఆనుకున్నది, చూసిన.”

“వాన పడకముందే ఏన్కూరుల ఉంచుతం. మా తిప్పలు మేము పడ్తం.”

“ఈ ఏడు పడ్తరు. పుట్టిన పిల్ల బడికి పోయెనాటికి బ్రిడ్జి లేస్తది. ఏ ఎత్తున లేవాలె? నువ్వు చెప్పిన ఎత్తునా, ద్వాలమ్మ చెప్పిన ఎత్తునా?”

“ఆమె పేరు నీ నోట తియ్యకు.”

“తియ్య. నువ్వు చెప్పు, పోత.”

“ముందు ఆ చెంబు ఇటియ్యి, నీళ్లు తాగుత.”

“కాకా, పొద్దెక్కుతున్నది.”

“రాయి.”

“చెప్పు.”

“ఆనాడు నేను చెప్పింది అబద్ధం. నా చేను కోసం చెప్పిన. నా భార్య ద్వాలి చెప్పింది నిజం. రాసినవా?”

“రాసిన.”

“చదువు. సక్కగ చదువు, మింగకు.”

“‘ఆనాడు నేను చెప్పినది అబద్ధము. నా చేను పోకుండా చెప్పితిని. నా భార్య ద్వాలి చెప్పినదే నిజము.’”

“పెన్నియ్యి.”

“ఈడ. తారీకు గూడ.”

“ఇంద. పట్టుకపో.”

“ఒక మాట కాకా. కోపానికి రాకు. మొత్తం పాపం నువ్వొక్కనివే మొయ్యకు. అబద్ధం ఇద్దరం రాసినం. ఆమె పోయిన రోజు మటుకు నీ తప్పేం లేదు. నువ్వు చేనుకాడ ఉన్నవ్. ఆమె ఒక్కతే సంత నుంచి వచ్చింది, దిగింది. నువ్వుంటే ఆపెటోనివే.”

“ఎవరు చెప్పిండ్రు నీకు?”

“నువ్వే. పోలీసోళ్లకు చెప్పినవ్. తండాకు చెప్పినవ్.”

“సంతకు ఇద్దరం పోయినం.”

“ఏంది?”

“వాన చూసి అందరు ముందే వచ్చేసిండ్రు. మేమిద్దరమే ఎనకబడ్డం, ఎవ్వరు చూడలె. వచ్చెవరకు నీళ్లు చప్టా ఎక్కినయి. ఆమె ఒడ్డుకాడ ఆగింది. ‘దిగొద్దు, ఇంకా వస్తది’ అన్నది. ‘ఆనాడు చెప్తే ఇనకపోతివి, ఇప్పుడు చూడు’ అని నవ్వింది.”

“కాకా...”

“ఆ నవ్వుకు నాకు మండింది. ‘మోకాలు దాటయి, నల్లబండ దాటయని సంతకం పెట్టి ఇచ్చిన. నమ్మకుంటే దిగి చూడు’ అన్న. చెప్పులు చేతుల పట్టుకొని దిగింది. నడిమికి పోయినంక ఎనక్కి తిరిగి చూసింది. ‘నడువ్’ అన్న.”

“నువ్వేడున్నవ్?”

“ఒడ్డు మీద.”

“మరి చేనుకాడ ఉన్ననని...”

“చేను ఆడనే గద. తెల్లారెదాక అండ్లనే కూసున్న. ఎవరడిగినా చేనుకాడ ఉన్న అన్న. అబద్ధం కాదు. ఫైలు మూసుకో. ఇది అండ్ల ఎక్కదు. ఇప్పుడు చెప్పిన, ఇగ చెప్ప. నీకు చెప్ప, పోలీసోళ్లకు చెప్ప, ఆ పుట్టె పిల్ల పెద్దగై మా ద్వాలి ఎట్ల పోయిందని అడిగినా చెప్ప. నడువ్.”