గట్టు మీద వెనక్కొచ్చిన లారీ

“అమ్మమ్మా, పోయినసారి నా కారు ఈ ఇరుకు సందులోంచి గోడకి తగలకుండా వెనక్కి రప్పించావు గదా. రివర్సు చెప్పడం ఎక్కడ నేర్చుకున్నావు?”

ఎక్కడంటే ఏం చెప్పను తల్లీ, వేమూరు కాలవ గట్టు మీద. నవ్వకు. ఎనభై అయిదో, ఆరో... మీ అమ్మ ఏడు చదువుతోంది, అయితే ఎనభై ఆరే. అప్పుడు మన చేలోకి లారీ రావాలంటే గట్టే దారి. ఖాళీ బండి ముందుకి వస్తుంది, బస్తాలెత్తాక తిప్పుకోడానికి చోటేదీ? రోడ్డు దాకా, కిలోమీటరు పైనే, వెనక్కే పోవాలి. ఒక పక్క కాలవ, ఒక పక్క చేను. సగం మంది డ్రైవర్లు గట్టు చూసి మా వల్ల కాదని వెళ్ళిపోయేవాళ్ళు.

ఆ ఏడు మీ తాతయ్యకి టైఫాయిడు. బాపట్లలో మా ఆడపడుచు ఇంట్లో ఉంచి మందులిప్పిస్తున్నాం. ఆవిడ చేతి చారు ఉంది చూశావూ... సరే, అదెందుకులే ఇప్పుడు. కుప్ప నూర్చి బస్తాలు కట్టి పెట్టాం, మబ్బు పట్టింది. తెనాలి నుంచి లారీ పంపారు. డ్రైవరు కోటయ్యని, రేపల్లె అబ్బాయి, పాతికేళ్ళుంటాయి. ఉద్యోగానికి కొత్త. ఆ నెల బండికి దెబ్బ తగలకుండా తిప్పితేనే ఉంచుతానన్నాడంట ఓనరు.

వచ్చీ రాగానే బండి తేలా. రోడ్డు మీదే ఆపి, చెప్పులిప్పి, గట్టంతా నడిచాడు. మడమతో నొక్కి నొక్కి చూశాడు. ఏం ఓపికో. తూము దగ్గర ఆగి, “అమ్మగారండీ, ఇక్కడ మెత్తగా ఉంది. బండి కదుల్తా ఉంటే పర్లేదు, ఆపితే మటుకు దిగబడిపోద్ది” అన్నాడు. వెనక నిలబడి చెప్పడానికి గట్టు సంగతి తెలిసిన ఇంటి మనిషి కావాలన్నాడు. ఇంకెవరున్నారు, నేనే. “అద్దంలో మీరు కనపడాలండి. కనపడకపోతే ఆపేస్తాను” అన్నాడు.

అట్టా బస్తాలెత్తాక నేనూ వెనక్కి నడుస్తా, చెయ్యి ఊపుతా, రానీ, రానీ... బండి దారం పట్టి లాగినట్టొచ్చింది తల్లీ. సరిగ్గా తూము దగ్గర చీర కాలికి అడ్డం పడి, దబ్బున పడ్డాను. టైరు నాకు మూరెడు దూరంలో ఆగింది.

ఆపకూడదన్న చోటే ఆపేశాడు. దిగబడుతుందని తెలుసు, ఉద్యోగం పోతుందనీ తెలుసు. నేను లేచేలోపే బండి కాలవ వైపు ఒరిగింది. ఆ అబ్బాయి దాని వంక చూడలా. పరిగెత్తుకొచ్చి, “దెబ్బ తగిలిందా అమ్మగారండీ?” అదే మాట.

ట్రాక్టరుతో లాగించేసరికి వాన రానే వచ్చింది, కొన్ని బస్తాలు తడిశాయి. ఓనరు స్కూటరు మీద వచ్చి, వంగిన రేకు చూసి, తాళాలిచ్చెయ్యమన్నాడు. కోటయ్య ఇచ్చేశాడు. చెప్పొద్దూ, నాకు ఒళ్ళు మండింది. అప్పటిదాకా పరాయి మగాళ్ళ ఎదర గొంతెత్తిన దాన్ని కాదు. “ఏవండీ, పడ్డది నేను, తడిసిన వడ్లు నావి. నేనేమీ అనలేదు గదా. ఆ అబ్బాయి ఆపకపోతే మీ బండి బాగానే ఉండేది, నేనే ఉండేదాన్ని కాదు. అతను తోలితేనే మా వడ్లు మీ బండిలో పోయేది, లేకపోతే ఇక్కడే దించెయ్యండి” అన్నాను. వానలో ఎవరు దించుతారో నాకూ తెలీదనుకో. ఆయన వాన వంక చూసి, తాళాలు మళ్ళీ కోటయ్య చేతిలో పెట్టాడు.

పదేళ్ళు, కాదు, పదకొండేళ్ళు మన వడ్లు కోటయ్యే తోలాడు. పక్క ఊళ్ళవాళ్ళు కూడా అతనైతేనే రమ్మనేవాళ్ళు. అంత పేరొచ్చాక కూడా, ఏటా ముందు చెప్పులిప్పి గట్టు నడవాల్సిందే, అమ్మగారు వెనక నిలబడాల్సిందే. అట్టాంటి పనివాణ్ణి మళ్ళీ చూడలా.

సరే, పొద్దు పోకముందే బయలుదేరు. చల్లగా ఉండు తల్లీ, ఏ దెబ్బా తగలకుండా తిరుగు. పద, నేను సందు చివర నిలబడతాను. అద్దంలో నేను కనపడకపోతే మటుకు... ఆపెయ్.