నోట్లో గుండుసూదులు

తల్లి దర్జీ, కూతురు పెళ్ళి కుదిరిన పిల్ల. ముందు గదే దుకాణం. అందులో ఒక ఇనప కాళ్ళ మిషను, ఒక నిలువుటద్దం, గోడ పొడవునా ఊళ్ళోవాళ్ళ బట్టలు. కాబోయే అత్తగారు పంపగా ఇవాళే పార్సిల్లో వచ్చిన తెల్ల గౌనును కూతురు ఇప్పుడే తొడుక్కుంది. దాని కొలత రాసిన చీటీ ముందే వచ్చిన ఈ ఐదు నెలలుగా తల్లీకూతుళ్ళకు ఆ గౌను తప్ప వేరే లోకం లేదు కాబట్టి, అది ఎలా కుదిరిందో వాళ్ళ నోటే విందాం.

"కదలకు. ఊపిరి బిగపట్టకు. మామూలుగా నిలబడవే."

"మామూలుగానే నిలబడ్డానమ్మా."

"మరి భుజం ఇలా జారిందేం?"

"నేను జారలేదు. గౌను జారింది."

"వెలుతురు వైపు తిరుగు. ఇదేమిటి, చెయ్యి ఇంత వదులుంది?"

"వదులా? బిగుతవుతుందేమోనని ఐదు నెలలుగా చస్తుంటే?"

"చూడు, రెండు వేళ్ళు దూరుతున్నాయి. మూడో వేలు కూడా."

"అదెలా? అత్తగారు చీటీలో రాసింది పదమూడేగా. జబ్బ చుట్టు పదమూడు అంగుళాలు దాటితే ఈ గౌను పట్టదని."

"అదే రాసింది."

"పొద్దున లేవగానే నీ టేపు పెట్టి కొలుచుకున్నాను. సరిగ్గా పదమూడు. పదమూడుకి చేసిన చెయ్యి పదమూడుకి వదులెలా అవుతుందమ్మా?"

"పాత గౌను కదా. ఆవిడ పెళ్ళినాటిది. గుడ్డ సాగి ఉంటుంది."

"పెట్టెలో మడతపెట్టి ఉన్న గుడ్డ సాగుతుందా?"

"సాగుతుంది. సూదిలో దారం ఎక్కించడం రానిదానివి, నీకేం తెలుసు?"

"సరే, నువ్వే లోపలికి పట్టి కుట్టెయ్యి."

"కత్తెర పెట్టకూడదు, ఉన్న కుట్టు విప్పకూడదు అని రెండుసార్లు ఫోన్ చేసింది మహాతల్లి. అందుకని లోపల దూది పెడతాను. పల్చటి మెత్తలు చేసి పెడితే చెయ్యి నిండుగా కనబడుతుంది. ఎవరికీ తెలీదు."

"దూదా?"

"దూదే. కోట్లకి భుజాల్లో పెట్టమా?"

"ఉన్న కండ కరగబెట్టుకుని ఆ చోట్లో దూది పెట్టుకోవాలన్నమాట."

"మాటలకేం తక్కువ లేదు. చెయ్యెత్తు. ఆగాగు, ఆ అరచేతిలో ఎర్రగా ఏమిటది?"

"ఏం లేదు."

"కొత్తగా ఒరుసుకుపోయింది. కాయలన్నీ పోయి చేతులు మెత్తబడ్డాయని మొన్ననేగా సంతోషించాను."

"బస్సులో కడ్డీ పట్టుకున్నాను. గట్టిగా."

"అసలు నిన్న ఎక్కడికెళ్ళావు? చెప్పులు కొనుక్కుంటానని వెళ్ళి వట్టి చేతుల్తో వచ్చావు."

"నచ్చలేదు."

"మూడు గంటలు తిరిగినా?"

"నచ్చలేదంటున్నానుగా."

"సరే సరే. మిషను కింద ఊడ్చావా? దారప్పోగులు అక్కడే ఉన్నాయి."

"అందినంత ఊడ్చాను."

"జరిపి ఊడవాలి. ఒంటి చేత్తో జరిపేదానివిగా."

"జరగలేదు."

"ఏం, ఎక్కడన్నా పట్టేసిందా?"

"ఎక్కడా పట్టెయ్యలేదు."

"ఏమ్మా, ఉన్నావా? లోపలికి రావచ్చా?"

"రండి టీచరుగారూ, రండి. కోటుకి కొలతలన్నారు, నిన్నంతా చూశాను మీకోసం."

"పరీక్ష పేపర్లు దిద్దుతూ కూచున్నాను. మూడో ఎక్కం రాని పిల్లలకి లెక్కలు చెప్పడం నా రాత. అవునూ, ఎవరీ పెళ్ళికూతురు? బరువులు లేపే మన జాకీయేనా?"

"నేనే టీచర్."

"గుర్తే పట్టలేదు సుమా. నిరుడు మా బడి మేడ మీంచి పుస్తకాల బీరువా ఒక్కదానివే దించావు చూడు, ఆ సిగ్గుకి మా ప్యూను రెండు రోజులు సెలవు పెట్టాడు. ఇప్పుడెంత నాజూగ్గా ఉన్నావే. ఆడపిల్లలా ఉన్నావు."

"అప్పుడెవరిలా ఉన్నాను టీచర్?"

"అదికాదే. బాగున్నావంటున్నాను. జుట్టు పల్చబడిందేం?"

"పెళ్ళి హడావుడి టీచరుగారూ. దానికి నిద్ర చాలడం లేదు."

"దాన్నడిగితే నువ్వు చెప్తావేం?"

"మీరు ఇలా నిలబడండి. చేతులు కాస్త ఎత్తండి. ఏమే, కొలతల పుస్తకం తీసి రాయి."

"ఈ గౌనుతోనా?"

"రాయడానికి గౌనేం అడ్డమొచ్చింది? నడుము ముప్ఫై ఆరు."

"ముప్ఫై ఏడమ్మా. నీ వేలు ఏడు మీదుంది."

"ముప్ఫై ఆరు రాయి."

"ఇక్కణ్ణించి కనబడుతోందిగా."

"చెప్పింది రాయవే. భుజం పదిహేను."

"పదహారు."

"పదిహేను. చెయ్యి పొడవు ఇరవై రెండు."

"ఇరవై మూడు కదా? ప్రతిదీ ఒకటి తగ్గించి చెప్తున్నావేమిటమ్మా?"

"అదేమిటే, దర్జీ ఇంట్లో పుట్టి నీకు తెలీదూ? ఆ టేపుకి మొదటి అంగుళం లేదు. ఆ ఎర్రగుడ్డ చుట్టి కుట్టిన చోట తెగిపోయింది. మీ అమ్మ ఏది కొలిచినా ఒకటి తీసేసి చెప్తుంది. లెక్కల టీచర్ని, నాకే తెలుసుకోడానికి రెండేళ్ళు పట్టింది."

"టీచరుగారూ, గురువారానికి ఇచ్చేస్తాను కోటు."

"జబ్బ చుట్టు కొలవలేదుగా ఇంకా?"

"మీ పాత కొలత ఉంది నా దగ్గర."

"పాతదెందుకు, ఒళ్ళు చేశాను. సరేలే, వదులుగా కుట్టు. వెళ్ళొస్తానే జాకీ. పెళ్ళికి పిలవడం మర్చిపోకు. ఏంటి, ఆ టేపు వంక అలా చూస్తున్నావు?"

"పిలుస్తాను టీచర్."

"వెళ్ళిందా ఆవిడ? ఆ గౌను విప్పు ముందు. నలుగుతుంది."

"టేపు ఇలా ఇయ్యమ్మా."

"నలుగుతుందంటే వినవేం?"

"టేపు ఇయ్యి."

"ఏం చేస్తావు? ఆ గుడ్డ లాగకు, అంచు పోగులు లేస్తాయి."

"లేవనీ. ఇదిగో. ఒకటి లేదు. మొదట కనబడే అంకె రెండు. ఎప్పుడు తెగిందిది?"

"నువ్వు పుట్టకముందు. గుడ్డతో పాటు కత్తెరలో పడి తెగింది. కొత్తది కొందామనుకుంటూనే చేతికి అలవాటైపోయింది."

"అంటే ఇప్పుడు నా జబ్బ పదమూడు కాదు."

"కాదు."

"పన్నెండు."

"ఊఁ."

"మరి ఆ రోజు? చీటీ వచ్చిన రోజు, ఇదే గదిలో, ఇదే టేపుతో కొలుచుకుంటే పద్నాలుగు వచ్చింది. అసలెంత అది?"

"కూచోవే. నిలబడి నిలబడి కళ్ళు తిరుగుతాయి నీకు."

"ఎంతమ్మా?"

"పదమూడు."

"పదమూడు. అంటే ఆ రోజే ఈ గౌను నాకు పట్టేది."

"పట్టేది."

"బరువులెత్తడం మానక్కర్లేకుండా."

"మానక్కర్లేకుండానే."

"నీకు తెలుసు."

"నువ్వు 'పద్నాలుగమ్మా' అన్నప్పుడు నేను ఎవరిదో అంచు మడిచి సూదులు గుచ్చుతున్నాను. నోట్లో గుండుసూదులున్నాయి."

"తీశాక చెప్పొచ్చుగా?"

"చెప్పొచ్చు."

"ఐదు నెలలూ నోట్లో సూదులే ఉన్నాయా అమ్మా నీకు?"

"చెప్దామనే నోరు తెరిచాను. ఈలోగా నువ్వు ఏడుస్తూ, 'మానేస్తాలే అమ్మా, ఇక వెళ్ళను' అన్నావు. ఆ ఒక్క మాట కోసం నాలుగేళ్ళుగా ఎదురు చూశాను. నేను మొత్తుకుంటే వినలేదు, అద్దం చెప్తే వినలేదు. టేపు చెప్తే విన్నావు."

"టేపు అబద్ధం చెప్పింది."

"టేపు చెప్పలేదు. నేను చెప్పాను."

"ఎందుకమ్మా?"

"సందు చివర సైకిలు రిపేరు వాడు వెనకనించి చూసి 'తమ్ముడూ, కాస్త ఈ బండి పట్టు' అన్నాడు నిన్ను. నేను నీ పక్కనే ఉన్నాను."

"నాకు నవ్వొచ్చింది."

"నాకు రాలేదు. ఇంటికొచ్చే ప్రతి ఆడదీ బట్ట కుట్టించుకుని నీ మాటే ఎత్తేది. నేనుండగానే ఇలా అంటుంటే నేను పోయాక ఏమంటారోనని భయం. నిన్నెవరూ కోరుకోరేమోనని భయం. ఇంకేం చెప్పను?"

"రెండో నెలలో ఎంపిక పోటీలు. కోచ్ మేడం ఇంటికొచ్చి గంటసేపు కూచుంది. ఏం చెప్పావు నువ్వు?"

"పెళ్ళి కుదిరిందని చెప్పాను."

"నేను తలుపు వెనకే ఉన్నాను. బయటికొస్తే ఎక్కడ సరేనంటానోనని గడియ పట్టుకుని నిలబడ్డాను. నా చోట ఇంకో పిల్లని పంపారు. నాకంటే పది కిలోలు తక్కువ లేపేది. వచ్చే ఏటికి నాకు ఆ పోటీల వయసు దాటిపోతుంది, తెలుసా?"

"తెలీదు. అది తెలీదు నాకు."

"పొద్దున ఒక పండు, రాత్రి ఒక పండు. ఆదివారం ఆదివారం ఆ దిక్కుమాలిన టేపు. ఒక వారం తగ్గకపోతే రెండో పండు కూడా మానేశాను. నువ్వు చూస్తూనే ఉన్నావు."

"తినమన్నానుగా. రోజూ కంచం పెట్టి బతిమాలానుగా."

"కంచం ఎందుకు, ఒక్క అంకె పెడితే సరిపోయేది. ఆడపిల్లలా కనబడాలని చేశానమ్మా ఇదంతా. రెండు నెలలుగా నెలసరే రావట్లేదు నాకు."

"ఏమిటి? నాకెందుకు చెప్పలేదే?"

"నీకెందుకు చెప్పాలి?"

"రేపే డాక్టరు దగ్గరికి వెళ్దాం. పొద్దున్నే వెళ్దాం. ఇటు చూడవే. నన్ను తిట్టు, ఏదో ఒకటను."

"ఒక మాట చెప్పు. ఇది అత్తగారి పెళ్ళి గౌనేగా? ఆవిడ కోసమే కుట్టిందేగా?"

"ఆవిడ కోసమే."

"ఆవిడ జబ్బ నా అంతే ఉండేదన్నమాట. ఆ రోజుల్లో నా అంతే."

"ఉండేదట."

"ఉండేదట అంటే?"

"మధ్యాహ్నం పార్సిల్ అందిందా అని ఫోన్ చేసింది. మాటల్లో చెప్పింది. పెళ్ళికి ముందు పాల కేంద్రంలో పనిచేసేదట. నిండు క్యాన్లు రెండు చేతులా మోసేదట. పెద్దకోడలికి ఈ గౌను వేస్తే చిలక్కొయ్యకి తగిలించినట్టుందట."

"ఇంకేమంది?"

"వదిలేయవే."

"ఇంకేమందమ్మా?"

"మీ అమ్మాయి భుజాలు చూడగానే నా గౌను గుర్తొచ్చింది అంది. ఆ పిల్లని చూస్తే నన్ను నేను చూసుకున్నట్టుంది, అందుకే పట్టుబట్టి మా అబ్బాయిని ఒప్పించాను అంది. పదమూడని రాసింది నిన్ను తగ్గమని కాదట. అంతకు మించితే ఎక్కడ చిరుగుతుందో, ముందే చెప్తే తనే దగ్గరుండి చెయ్యి వదులు చేయించి పంపుదామనట."

"ఎంత బాగా చెప్పింది."

"విను. ఇంకా మూడు వారాలుంది. రేపటినించి కడుపునిండా తిను. మళ్ళీ వెళ్ళు. మీ కోచ్ కాళ్ళు నేను పట్టుకుంటాను. చేసింది నేనని చెప్తాను. ఎవరేమనుకున్నా అనుకోనీ, ఈ చేతుల్తోనే నీ బరువుల సంచి మోసుకొస్తాను రోజూ. వెళ్తావా? రేపు వెళ్తావా?"

"నిన్న వెళ్ళానమ్మా."

"ఎక్కడికి?"

"అక్కడికే. చెప్పుల షాపుకి కాదు."

"మరి చెప్పవేం? కోచ్ ఏమంది? రావద్దందా?"

"వద్దనలేదు. నన్ను చూసి కాసేపు పోల్చుకోలేకపోయింది. తర్వాత కడ్డీ చూపించింది."

"లేపావా?"

"బరువు బిళ్ళలేం తగిలించలేదమ్మా. ఒట్టి కడ్డీ. మొదటి రోజు వచ్చిన పిల్లలకిస్తారు చూడు, అది. ఛాతీ దాకా వచ్చింది. అక్కణ్ణించి పైకి రాలేదు. మూడుసార్లు చూశాను. మూడోసారి ఆవిడే వచ్చి ఇటు చివర పట్టుకుని దించింది."

"అమ్మలూ."

"ఏడిస్తే గౌను మీద పడతాయి, దూరంగా జరుగు. దూది ఏ సొరుగులో ఉంది?"