గెనిమ దాటిన కారు

"అవ్వా, రేసు నాడు ఆ కోన్లు జరిపింది నువ్వేనంట, నిజమేనా?"

ఎవురు చెప్పినారు నీకు? ఓబులేసేనా? మా మరిది కొడుకు నోట్లో నువ్వుగింజ నానదు. కూచో పాపా. నేను చెప్తా.

ముందు ఒక మాట. మన ఊరు ఈ తిరుమణికి సోలారు కరెంటు పలకలు రాకముందు ఏమొచ్చినాయో తెల్సునా? గుర్తులు. పొద్దున లేసి చూస్తే చేన్లో మేకు కొట్టి ఎర్రగుడ్డ కట్టింటారు. ఏందప్పా ఇది అంటే, ఊరికే కొలతకు అంటారు. అప్పట్నుంచీ మాకొక రూలు పడిపాయె: గుర్తు చూసి ఊరకున్నోడు ఒప్పుకున్నట్టే. మీ తాత తన వాటా సోలారోళ్లకు ఇచ్చేసినాడు. బాడుగ వస్తాది, కాదన్ను. కానీ మన చేన్లో మనం కాలు పెట్టాలంటే వాచ్‌మన్‌ను అడగాల. నా పుట్టింటోళ్లిచ్చిన రెండెకరాలు మాత్రం నేను ఇయ్యలా. అగ్రిమెంటు మొత్తం చదివినా గదా, అందుకే ఇయ్యలా. బడికి పోలేదు నేను, శెట్టి అంగడి పొట్లం కాయితాలు చదివి నేర్చుకున్నా.

సరే, ఓబులేసు వచ్చినాడు. "పెద్దమ్మా, నీ చేను పక్కన నా బీడు భూమిలో బెంగళూరోళ్లు ఆదివారం కార్ల రేసు పెట్టుకుంటారంట."

"గెలిస్తే ఏమిస్తారు?"

"చిన్న కప్పు."

"దుడ్లు?"

"యాడివి పెద్దమ్మా. వాళ్లే తలా ఇంత వేసుకొని తోల్తారు."

పందెం లేకుండా పొట్టేళ్లను గూడా ఎవరూ కొట్లాటకు వదలరు, చూడు. వీళ్లు అంత దూరం నుంచి దుమ్ము తినేకి వస్తారంట. శనివారం పోయి చూసినా. పాత చిన్న కార్లు. వెనక సీట్లు పీకేసి లోపల ఇనప కడ్డీలు బిగించినారు. ఒకాయన బ్యాంకు గుమాస్తా, ఒకామె పండ్లు పీకే డాక్టరు. కారు ధర అడిగితే జత ఎద్దుల కంటే తక్కువే. మా నాయన ఎద్దులు కొన్నప్పుడు హొసకోటలో... ఆ, హొసకోట కాదు, పావగడలో... యాడికో పోతా ఉండా. డాక్టరుకు ఈ డొక్కు కారెందుకు? భూమి చూసేకి వచ్చిన బ్రోకర్లు, కారు ఒక సాకు, అనుకున్నా.

సాయంత్రం కోన్లు పెట్టినారు, రోడ్డు పనికాడ పెడతారే అవి. సున్నం గీత గీసినారు. మలుపు కాడ నా చేనుకేసిన మట్టిగట్టు, ఆ గెనిమ దాటి నాలుగడుగులు లోపలికొచ్చినారు. ఏడు కోన్లు, నా మట్టి మీద. మళ్లా అందరూ ఆ గీత వెంబడి కాలినడకన రెండు చుట్లు తిరిగినారు, గాల్లో చేతులు ఇట్ల తిప్పుకుంటా. కొల్చుకుంటా ఉండారనుకుంటి. మలుపులు మనసులో పెట్టుకుంటా ఉండారని నాకేం తెల్సు?

తెల్లారి ఎవరూ రాకముందే పోయి ఏడు కోన్లూ గెనిమ అవతల పెట్టేసినా. గీతను కాలితో చెరిపినా. ఎవరికీ చెప్పలా. నా చేన్లో నిలబడినా, ఎవురొచ్చి అడుగుతారో చూద్దామని.

మొదటి కారు డాక్టరమ్మది. నిన్న నడిచి చూసుకున్న మలుపు ఈ పొద్దు ఆడ లేదు. బ్రేకు తొక్కింది, బండి అడ్డం తిరిగి గెనిమ ఎగిరి, శెనక్కాయ చెట్లు పీక్కుంటా వచ్చి నాకు పదడుగుల్లో నిలిచె. నేను కదల్లేదని ఓబులేసు ధైర్యమని చెప్పుకుంటాడు. ధైర్యం కాదు పాపా, ఎటు జరగాల్నో తెలీలా.

ఆమె దిగింది. పెదివి కొరుక్కొని రక్తం కార్తా ఉండాది. "అజ్జీ, నిమగేనూ ఆగిల్ల తానే?" అనె. నీకేం కాలేదు గదా అని, నన్ను.

ఈలోపల ఓబులేసు పరిగెత్తుకొచ్చి, దుమ్ముకు నీళ్లు చల్లే ట్యాంకరాయన గల్లా పట్టుకున్నాడు. "బండి తిప్పేటప్పుడు కోన్లు జరిపింది నువ్వే గదరా." ఆయన బిడ్డల మీద ఒట్టు వేస్తా ఉండాడు. నేను ఊరకుంటే సరిపోయేది.

"జరిపింది నేను," అన్నా.

రేసు పెట్టిన క్లబ్బాయన టేపు తెచ్చి కొలిచినాడు. నాలుగడుగులూ నావే. తప్పు మాదేనన్నాడు, ఆ మలుపే తీసేసినాడు. గెలిచినా పాపా. గెలిచినట్టు ఎప్పుడూ అనిపీలా.

పోయేటప్పుడు ఆమెను అడిగినా, దుడ్లు రావు, పేరు రాదు, ఎందుకమ్మా నీకిది అని. "ఆరు దినాలు వంగి ఊరోళ్ల నోళ్లలోకి చూస్తా అజ్జీ. ఏడో దినం ముందర దావ మాత్రమే ఉంటాది," అనె. నమ్మినానా? సగం.

వచ్చే నెల మళ్లా వస్తారంట. గీత గీసేటప్పుడు నన్ను పిలువమని చెప్పి పంపినా. ఎదురుగా నిలబడి ఇది నాది, అది నాది కాదు అని చెప్తా. బ్రోకర్లు కారని నేనింకా ఒప్పుకోలా. నువ్వూ ఎవర్నీ ఊరికే నమ్మొద్దు. అనుమానం ఉంటే మొగం ముందరే అడుగు, నా మాదిరి తెల్లవారుజామున పోయి చెయ్యొద్దు. ఆ పొద్దు కారు నిలిచినాక, దుమ్ము అణిగి తలుపు తెరుచుకునేదాకా, ఆ కాసేపు నేనేం మొక్కుకున్నానో... వద్దులే. నూరేండ్లు బతుకు తల్లీ. ఆ డాక్టరు బిడ్డ గూడా బతకనీ...