కొబ్బరికాయ కుస్తీలో ఇద్దరు మొనగాళ్లు

మనూర్ జాతరలో వెండి కడియం కుస్తీ ఆఖరున జరుగుతుంది. అన్నిటికన్నా ముందు జరిగేది కొబ్బరికాయ కుస్తీ; గెలిస్తే దక్కేది కొబ్బరికాయే. నారాయణఖేడ్‌లో ఒక కాలేజీ ఇరవై ఏళ్ల కింద ఎత్తేసిన కుస్తీ టీములోని మొనగాళ్లిద్దరూ ఈసారి దానికి దిగారు. సలామీ కోసం వంగి మన్ను ముట్టుకున్నారు. ఆ తర్వాత ఒకరి మెడ ఒకరు పట్టుకొని అట్లాగే ఉండిపోయారు.

“ఇడువు భాయ్.”

“ఇడిస్తె బోర్ల పడ్త యార్. నడుం పట్టింది.”

“నీగ్గూడనా? నేను మన్ను ముట్టేందుకు వంగిన, గంతే. లేస్తలేను.”

“టీము ఎత్తేసిండ్రని మన ఫైనల్ ఆగిపాయె. అది జరిగుంటె నేనే గెలుస్తుంటి అని ఇరవై ఏండ్ల సంది ఊరంత చెప్పుకున్నవ్ గదా. ఇప్పుడు గెలువు.”

“గెలుస్త. ముందుగాల నన్ను నిలవెట్టు.”

“నువ్వే పడిపో.”

“నేనెందుకు పడ్త? మా ఇంటామె ముందట్నే కూసుంది.”

“మా బేగం గూడ ఆమె పక్కకే కూసుంది.”

“నీ మొకం స్టేజీ దిక్కుంది గదా, గీ చప్పట్లు ఎందుకు?”

“మనది ఉడుం పట్టు అనుకుంటుండ్రు. పది నిమిషాల సంది ఒక్కడు గూడ కదుల్తలేడని మైకుల మెచ్చుకుంటుండ్రు.”

“మైకుల గా కొత్త గొంతు ఎవలది?”

“ఇప్పటి ప్రిన్సిపాల్ సారుది. కండ్లు తుడుసుకుంటుండు. కాలేజీల టీము మళ్ల పెడ్తడంట.”

“మంచిమాటే గదా!”

“మనిద్దర్నే ఉస్తాదులుగ పెడ్తడంట. సోమారం సంది రమ్మంటుండు.”

“పోరగాండ్లకు మొదాలు ఏం నేర్పుదాం భాయ్?”

“లేసుడు.”